ముట్టిందా

చేతికి కట్టే పట్టా కాలికి కట్టింది సలోమి సిస్టర్.
"కదలకండి బాబాయ్ గారూ" అన్నది, రాజోలు యాసల.
గాలి నింపింది, ఇడిసింది,
పాదం మీద చల్లటి జిగురు రాసి
కలమంత గొట్టం ఆనిచ్చి
నా నెత్తురు నాకే ఇనిపించింది.
ఎడమకాలు షూ... షూ... అచ్చం నా ఆవిరి ఇస్త్రీ.
కుడికాలు
పక్క గదిల ఎవరో నిద్రల ఊపిరి తీసినట్టు.

చేతికి వంద అయితే కుడికాలికి యాభై ఎనిమిది
అని కాయిదం మీద రాసింది.
నాకు ఎంటనే సమజైంది.
ముప్పై ఒక్క ఏండ్లు రియాళ్లు పంపినోన్ని.
గుండె వంద పంపింది,
పాదానికి యాభై ఎనిమిదే ముట్టింది.
నడుమ మింగినోడెవడు?

సుడాన్ డాక్టరు ఏమనలే,
నా అంగీ జేబుల సిగరెట్టు డబ్బా దిక్కు చూసిండు.
చక్కెర ఎంతుందని అడిగితె
నేను కిటికీ దిక్కు చూసిన.

అసలు దవాఖానకు ఎందుకొచ్చిన్నంటె, సిగ్గుచేటు ముచ్చట.
డిసెంబర్ల ఒక రాత్రి కుడిపాదం మంచుగడ్డ.
నాకు తెల్సిన మందు ఒక్కటే:
తువ్వాల ఇస్త్రీ చేసి, మడిచి, కాలికి చుట్టుకున్న.
మంట తెల్వలే.
తెల్లారి చూస్తె మడిమెకు రూపాయంత బొబ్బ.
మత్రా సూక్ ఎనుక గల్లీల
ఎన్ని వేల దిష్దాషాలు మాడకుంట ఇచ్చిన్నో,
నా తోలు నేనే మాడ్చుకున్న.
నలభై రోజులైనా మానలే ఆ పుండు.

గొట్టంల సున్నం పేరుకుంది అంటె నాకు వేరే చెప్పాల్నా?
ట్యాంకరు నీళ్లు పోస్తె ఆవిరి పెట్టె గతి ఏమైతదో నాకెరుక.
"గొట్టం మార్చరాదుండ్రి" అన్న.
డాక్టరు నవ్విండు.
అవసరమైతె అదీ చూద్దాం, ముందుగాల నడువు అన్నడు.
నడిస్తెనే కద నొప్పి!
నొప్పి లేసేదాక నడువు, నిలబడు,
తగ్గినంక మల్ల నడువు.
ఇదేం మందో,
పోరన్ని కొట్టి, ఊకుంచి, మల్ల కొట్టినట్టు.

రాత్రి నమాజు అయినంక కార్నిష్ మీద బయలెల్లుత.
దీపాల స్తంభాలే నా లెక్క.
మొదటి నెల నాలుగో స్తంభం కాడనే పిక్క పట్టేసేది,
లోపల ఎవరో తడిబట్ట పిండినట్టు.
కుంటుతున్నని తెల్వొద్దని
బంగారం దుకాణం అద్దం ముంగట నిలబడి
కొనేటోని లెక్క గాజులు చూసేది.
"రా చాచా, లోపలికి రా" అని మూడు దినాలు పిలిచిండు దుకాణపోడు.
నాలుగో దినం కుర్చీ బయటేసిండు.
ఏం అడుగలే.

సిగరెట్టు ఇడిసి డెబ్బై మూడు రోజులు.
అబద్ధం. అండ్ల రెండు తీసెయ్యుండ్రి,
ఒకటి బక్రీదు నాడు, ఒకటి ఊకెనే.
నెత్తురు గడ్డకట్టకుంట ఒక గోలి, కొవ్వుకొక గోలి,
గోలీల కాడ మాత్రం తప్పుత లేను.
ఒట్టి కాళ్లతోటి స్నానాల గదికి సుత పోత లేను.

ఇయ్యాల పదకొండో స్తంభం.
రియాం గుట్ట మీది పెద్ద సాంబ్రాణి గిన్నె ఇంక దూరమే.
పోతనో, పోనో.

రూముకొచ్చినంక సిల్హెట్ జమీర్
గడ్డం గీసుకునే అద్దం తెచ్చి నా అరికాలు కింద పెడ్తడు.
నాకు ఒంగరాదు, దగ్గరిది కానరాదు.
వేళ్ల సందులు, గోర్ల అంచులు, మానిన మడిమె,
వేరేటోని ఉత్తరం చదివినట్టు నిమ్మలంగ చదువుతడు.
"కుచ్ నై చాచా" అంటడు.

పైసలు పంపిన ప్రతిసారి ఫోన్ల నేనడిగే మాట
ఇప్పుడు కాలును అడుగుత:
ముట్టిందా?
పాదం మీద కొంచెం వెచ్చగున్నది.
నాదో, జమీర్ చెయ్యిదో
ఇంక తెల్వది.